చెమట పంపిన మాటలు

మక్తల్

నేను హైదరాబాదు వెళ్లి వచ్చి పదిహేను రోజులైంది. మా వీధిలో చాలామందికి ఆ ఊరంటే పెద్దాసుపత్రి, కాకపోతే మేస్త్రీ పని. నేను వెళ్లింది ఒక ఫోన్ బాగు చేయించుకోవడానికి. మూడు రోజులున్నాను. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ దాటి ఎక్కడికీ పోలేదు. చార్మినార్ చూసినవా అని అడిగినవాళ్లకు లేదని చెప్పి ఊరుకున్నాను. చూసిందేమిటో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఫోన్ సంగతి చెప్పాలి. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం రెండేళ్లుగా రోజూ తెల్లవారుజామున కాలేజీ గ్రౌండులో పరుగెత్తుతున్నాను. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు. పరుగు మొదలుపెట్టాక ఆ డైరీ చేతి నుంచి నోటికి మారింది. వాట్సాప్‌లో మన నంబరుకు మనమే మాటలు పంపుకోవచ్చు కదా, పరుగెత్తుతూ ఫోన్‌తో మాట్లాడేదాన్ని. కొట్టువాడిని సరుకు ధర రెండోసారి అడగలేని నేను ఆ వేళప్పుడు ఆగకుండా మాట్లాడతాను. సగం మాటలు, సగం ఊపిరి.

ఆడవాళ్ల బట్టలకు జేబులుండవు. మా నాన్న దర్జీ. నా పరుగు చొక్కాకు లోపలి వైపు, ఎడమ పక్కన, ఒక జేబు కుట్టాడు. చెమట తగలకుండా పాత గొడుగు గుడ్డతో దానికి అస్తరు వేశాడు. "ఇగ సుక్క చెమట గూడ లోపలికి పోదు" అన్నాడు. ఆ జేబు చూసి గ్రౌండుకు వచ్చే ఇంకో ఇద్దరు అమ్మాయిలు కూడా కుట్టించుకున్నారు.

ఈ వేసవిలో ఫోన్ మొదట చార్జింగు తీసుకోవడం మానేసింది. తడి ఉందని తెర మీద రాసేది. తుడిస్తే సర్దుకునేది. తర్వాత ఒకరోజు తెల్లవారుజామున బూట్ల లేసులు కట్టుకుంటున్నాను. ఫోన్ కిటికీ గట్టు మీద ఉంది. దానంతట అదే వెలిగింది. నేను పంపుకున్న మాటల వరుస మెల్లగా పైకి కదలడం మొదలైంది. ఎవరో బొటనవేలితో జరుపుతూ వెతుకుతున్నట్టు. ఒకచోట ఆగింది. ఒకటి ఎంచుకుంది. ఇంకొంచెం జరిగి ఇంకొకటి ఎంచుకుంది. బాణం గుర్తు నొక్కుకుంది. పేర్ల పట్టిక వచ్చింది. తెర పైభాగం అప్పటికే నల్లబడి ఉండటంతో అది ఏ పేరు ఎంచుకుందో కనిపించలేదు. నేను వేలు పెట్టి ఆపబోతే నా వేలిని అది లెక్కచేయలేదు. పంపినట్టు చిన్న చప్పుడైంది. తెరంతా ఆరిపోయింది.

బియ్యం డబ్బాలో పూడ్చి పెట్టాం. తెర చీకటిగానే ఉంది కానీ, అప్పుడప్పుడు డబ్బాలో నుంచి జర్‌మని వణికేది. రెండో రోజు నుంచి మా అమ్మ ఆ డబ్బాలో బియ్యం తీయడం మానేసింది.

ఆ మాటల్లో ఒకటి బయటికి పోకూడనిది. పోయినసారి పరుగు పరీక్షలో నేను మూడు సెకన్లతో తప్పానని ఇంట్లో చెప్పాను. నాన్న దాన్ని నమ్మి, కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతాడు. "మూడంటె మూడే సెకన్లు సార్, రెప్ప కొట్టినంత సేపు." నిజానికి నేను పరుగెత్తలేదు. ఛాతీకి కట్టుకునే నంబరు గుడ్డ చేతిలో పట్టుకుని స్టేడియం గేటు బయట గంటసేపు నిలబడి వెనక్కి వచ్చేశాను. ఆ మాట మర్నాడు పరుగెత్తుతూ ఫోన్‌కు ఒక్కదానికే చెప్పాను.

అది కూడా పోయిందా? పోతే ఎవరికి? సిమ్ వేరే ఫోన్‌లో వేస్తే పాత మాటలు రావు. మా ఊరి దుకాణంలో ఇక లాభం లేదన్నారు. ఈ ఫోన్ తెరుచుకుంటే తప్ప తెలియదు. అందుకని బయలుదేరాను.

బస్సు నుంచి చిక్కడపల్లి దాకా

ఆడవాళ్లకు టికెట్టు సున్నా కాబట్టి బస్సు నిండా మేమే. ఫోన్‌ను తువ్వాలులో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి ఒళ్లో పెట్టుకున్నాను. దేవరకద్ర దాటాక గుంతలో బస్సు ఎగిరినప్పుడు అది వణికింది. స్టీలు కాబట్టి చప్పుడు పెద్దగా వచ్చింది. పక్కన కూర్చున్న ముసలమ్మ నా ఒళ్లోకి చూసి, "డబ్బల కప్పను పెట్టినవా బిడ్డా" అని అడిగింది. ఫోన్ అన్నాను. చచ్చిపోయిందని కూడా అన్నాను. "సచ్చినదైతె మొత్తుకుంటదా" అని ఆమె తన సంచి అవతలికి జరుపుకుంది. జడ్చర్లలో దిగేదాకా డబ్బా వైపే చూసింది.

ఇమ్లీబన్‌లో దిగి మెట్రో ఎక్కాను. సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి. మూడో స్టేషనే. మా ఊళ్లో ఒక బస్టాపు నుంచి ఇంకో బస్టాపుకు పట్టేంత సేపు కూడా కాదు. రైలు మేడల రెండో అంతస్తుల పక్కనుంచి పోతుంది. ఒక ఇంట్లో ఎవరో పప్పు పోపు వేస్తుండటం కనిపించింది. మనం చూస్తున్నామని వాళ్లకు తెలుసు, తెలిసీ కిటికీలు మూయరు. నేనైతే ఆ ఇంట్లో ఒక్కరోజు ఉండలేను.

స్టేషన్ కింద చాయ్ బండి. మా ఊళ్లో చాయ్ తాగాక డబ్బులిస్తాం. ఇక్కడ ముందే ఇవ్వాలి, పదిహేను రూపాయలు, గ్లాసు మాత్రం మా గ్లాసులో సగం. "అన్నా, ఒక చాయ్, చక్కెర తక్కువ" అన్నాను. బండి పక్కన నిలబడి కాగితాలు చదువుకుంటున్న ఒకమ్మాయి తలెత్తింది. చెవిలో నుంచి ఇయర్‌ఫోన్ ఒకటి తీసి నా ముఖంలోకి చూసింది. నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. నా పెదవులనే చూస్తోంది, ఇంకో మాట వస్తుందేమో అన్నట్టు. చాయ్ సగంలో వదిలేసి పక్కకు జరిగాను.

అంతలో మానసక్క వచ్చింది. మా వెనక వీధి రాజన్న కూతురు, నాకంటే ఏడాది పెద్దది. గ్రూప్ టూ కోసం రెండేళ్లుగా అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటోంది. ఈ మూడు రోజులూ నన్ను తన దగ్గరే ఉంచుకుంటానని అమ్మకు మాటిచ్చింది. నన్ను చూడగానే సంచి అందుకుని, "ఎవరితోనన్న మాట్లాడినవా ఈడ" అని అడిగింది. చాయ్ అడిగానన్నాను. ఆమె చుట్టూ ఒకసారి చూసి, గబగబా ముందుకు నడిచింది.

నారాయణగూడ, మెట్ల కింది దుకాణం

నారాయణగూడ ఫ్లైఓవర్ దాటి ఒక గల్లీలో, పాత మేడ మెట్ల కింద సలీం భాయ్ దుకాణం. మనిషి లోపలికి వంగి పోవాలి. బల్ల మీద భూతద్దం, దానికి చుట్టూ దీపం, స్పిరిటు సీసా, పళ్లు తోమే బ్రష్షులు. ఆయనకు యాభై ఏళ్లుంటాయి. నేను డబ్బా మూత తీసి, తువ్వాలు విప్పుతుంటే ఆయన ఓపికగా చూశాడు.

ఏమైందో మానసక్క చెప్పబోయింది కానీ ఆయన ఫోన్ కింది రంధ్రంలోకి సూది పెట్టి, ఒక తెల్లటి ముక్క తీసి గోటి మీద పెట్టుకున్నాడు. "బియ్యం గింజ. బిర్యానీ కోసం తెచ్చిన్రా, రిపేర్ కోసమా" అన్నాడు. నవ్వకుండా అన్నాడు. బియ్యం తడిని పీల్చదని, పిండి మాత్రం లోపలికి పోతుందని, ఈ గల్లీలో రోజూ ఈ మాట చెప్పలేక పరేషాన్ అవుతున్నానని అన్నాడు.

వెనక మూత తీసి భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నాడు. లోపల చిన్న ఊరిలా ఉంది. గళ్లు గళ్లుగా ఇళ్లు, సందులు. ఎడమ పక్క ఇళ్ల మీద ఆకుపచ్చ పొర, అంచుల్లో తెల్లటి ఉప్పు. నా ఒంటి ఉప్పు. చూస్తుంటే ఒళ్లు గగుర్పొడిచింది. నేను రెండేళ్లు రోజూ కొంచెం కొంచెంగా అందులోకి దిగాను.

జేబు సంగతి అడిగి తెలుసుకున్నాడు. గొడుగు గుడ్డ అనగానే తల ఊపాడు. "వాన గుడ్డ బయటి నీళ్లను ఆపుతది. ఒంటి ఆవిరి యాడికి పోవాలె? లోపల్నె పేరుకుంటది. నీళ్లల్ల పడ్డ ఫోన్ అయినా బతుకుతది గాని, చెమట ఫోన్ బతుకుడు కష్టం. ఉప్పు కదమ్మా." పరుగెత్తేవాళ్లవి, జిమ్ముకు వెళ్లేవాళ్లవి వారానికి నాలుగైదు వస్తాయట.

అది దానంతట అదే నడవడం గురించి నేనే అడిగాను, చిన్న గొంతుతో.

"తెర కింద తడి ఉంటె ఫోనుకు వేలు పెట్టినట్లె ఉంటది. నీ చెమటను నీ వేలే అనుకున్నది. అది దయ్యం గాదు బేటా, నువ్వే."

దయ్యం అని ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

మర్నాడు సాయంత్రం రమ్మన్నాడు. ఆడవాళ్ల ఫోన్ అయితే ఆయనకు ఒక పద్ధతి ఉందట. తాళం గుర్తు ఎవరినీ అడగడు. తెర బిగించాక వాళ్ల చేతికే ఇచ్చి, వాళ్లు తెరిచి చూసుకునేదాకా గోడ వైపు తిరిగి కూర్చుంటాడు. ఇది విన్నాక ఫోన్‌ను అక్కడ వదలగలిగాను.

అశోక్‌నగర్

ఈ పేటలో మనిషికి పేరు కంటే ముందు పరీక్ష ఉంటుంది. హాస్టల్లో ఒకామె గ్రూప్ వన్ అక్క, ఒకామె డీఎస్సీ అక్క, కొత్తగా వచ్చినామె ఎస్సై చెల్లె. గోడల నిండా క్లాసుల కాగితాలు. కింద కిరాణా కొట్టు, పైన కోచింగు, ఆ పైన హాస్టలు, డాబా మీద రేకుల షెడ్డులో చదువుకునే గది, అందులో కుర్చీకి నెలవారీ కిరాయి. గంటలకొద్దీ మాట్లాడకుండా కూర్చునే జనం ఇంతమంది ఒకేచోట ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నాకు నచ్చాల్సిన ఊరు.

మానసక్క గదిలో ఆరు మంచాలు, మంచానికొక పరదా. పరదా వేసి ఉంటే లోపలి మనిషి లేనట్టే లెక్క, పిలవకూడదు. ఈ ఆచారం మా ఇంటికి తీసుకుపోవాలనిపించింది.

మెస్‌లో అన్నం, దొండకాయ, నీళ్ల చారు. వంటామె కోస్గి వైపు మనిషి, భర్త కట్టుబడి పనికి పోతాడు. నేను మక్తల్ అని తెలిసి నాకొక్కదానికి జొన్నరొట్టె చేసిపెట్టింది. ఆమె అడిగిన ప్రతిదానికీ మానసక్కే జవాబిచ్చింది. ఇంకెవరు పలకరించినా అంతే. ఏం చదివింది, ఎన్ని రోజులుంటది, అన్నింటికీ ఆమే. నేను సిగ్గరినని నాకు సాయం చేస్తోందనుకున్నాను. చివరికి నీళ్లు కావాలంటే నేనే అడగాల్సి వచ్చింది. "అక్కా, జర నీళ్లు" అన్నాను.

వంటామె చెంబు పట్టుకుని ఆగిపోయింది. "నీ గొంతు యాడనో ఇన్న బిడ్డా. రోజు ఇంటున్నట్లె ఉన్నది" అంది. బల్ల చుట్టూ తింటున్న అమ్మాయిల్లో ముగ్గురు తలలెత్తారు. మానసక్క నా మోచేయి పట్టి లేపింది. చేయి కడుక్కునే దగ్గర అద్దంలో ఆ ముగ్గురూ ఇంకా ఇటే చూస్తూ కనిపించారు.

పరదా అవతల

మర్నాడు తెల్లవారుజామున ఎవరో పరుగెత్తుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. బూట్లు మట్టి మీద పడే చప్పుడు. ఊపిరి. మా గ్రౌండులో ఉన్నాననుకుని కళ్లు తెరిచాను. పరదా, ఫ్యాను, మానసక్క వీపు. ఊపిరి మాత్రం ఆగలేదు. పక్క మంచం పరదా వెనక నుంచి వస్తోంది. ఆపైన మాట.

"ఇయ్యాల కాళ్లు బరువున్నయి. అమ్మ రాత్రి మళ్లీ పెళ్లి మాట తీసింది."

నా గొంతు. నేను నోటి మీద చేయి పెట్టుకుని చూసుకున్నాను, నేను మాట్లాడటం లేదు కదా అని. పెదవులు మూసే ఉన్నాయి. పరదా అవతల నేను పరుగెత్తుతూనే ఉన్నాను. కుక్కను అదిలించాను, దగ్గాను, రెండో రౌండు అని లెక్కపెట్టాను. తర్వాత ఎవరో బటన్ నొక్కారు. నేను ఆగిపోయాను. పరదా తీసిన చప్పుడు, బూట్ల చప్పుడు, తలుపు.

మానసక్క నిద్రపోవడం లేదు. ఆమె ఊపిరిని బట్టి నాకు తెలుసు. కానీ ఇటు తిరగలేదు. నేనూ పిలవలేదు.

ఆ పగలంతా ఆమె క్లాసుకు పోయింది. ఒంటరిగా ఉండలేక పుస్తకాల దుకాణాల వైపు వెళ్లాను. పాత పుస్తకాలు తూకం మీద కాకుండా పరీక్షల మీద అమ్ముతారిక్కడ. రద్దయిన పరీక్షల పుస్తకాలు సగం ధరకు, రాబోయే వాటివి పూర్తి ధరకు. ఎవరిదో చేతిరాత నోట్సు జిరాక్సు తీసి కుట్టి నూట ఇరవైకి ఇస్తున్నారు. రాసినవాళ్లకు తెలుసో లేదో. ఒకటి తీసి చూస్తుంటే పక్కనున్న ఒకమ్మాయి నా భుజం తాకి, "మీది మక్తలా అక్కా" అని అడిగింది. నేను ఆ దుకాణంలో నోరు తెరిచి అప్పటికి ఒక్కమాటే అన్నాను, ఇదెంత అని.

తల అడ్డంగా ఊపి బయటికి వచ్చేశాను. చిక్కడపల్లి లైబ్రరీ దాకా వెనక్కి తిరగకుండా నడిచాను. దారిలో ఎవరితోనూ మాట్లాడలేదు. దాహమేస్తే నీళ్ల సీసాను వేలితో చూపించి కొనుక్కున్నాను.

మళ్లీ నారాయణగూడ

సాయంత్రం సలీం భాయ్ ఫోన్ చేతికిచ్చి, చెప్పినట్టే గోడ వైపు తిరిగాడు. గోడ మీద ఒక పాత క్యాలెండరు ఉంది, దాన్ని చదువుతున్నట్టు కూర్చున్నాడు. తెర కొత్తది కాదు, ఏదో ఫోన్‌ది తీసి బిగించాడు. ఒక మూల గీత ఉంది. వేలు పెట్టాను. ఈసారి నా మాట విన్నది.

మాటలు వెళ్లింది ఒక్క మనిషికి కాదు. "రన్నింగ్ లేడీస్" అనే గ్రూపుకు, అశోక్‌నగర్ హాస్టళ్ల అమ్మాయిలది. రెండేళ్ల కింద చిట్కాల కోసమని మానసక్కే నన్ను అందులో చేర్చింది. నేను దాని మెసేజీల చప్పుడు రాకుండా పెట్టి మరిచిపోయాను. రెండు వందల పదమూడు మంది. నేను చూసిన ఆ ఒక్కరోజే కాదు, అంతకు ముందు వారం నుంచీ, నేను పరుగెత్తుతుండగా, నా జేబులోనే అది పంపుతూ వచ్చింది. పదకొండు పంపింది. తొమ్మిదోది గేటుది.

అందరి దగ్గరా తీసేసే గుర్తు కోసం నొక్కి చూశాను. రాలేదు. నా దగ్గర మాత్రమే తీసేయవచ్చట. గోడ వైపే చూస్తూ సలీం భాయ్ చెప్పాడు, రెండు రోజులు దాటితే ఇక వెనక్కి రాదని. నేను ఏమీ అడగలేదు. నా చప్పుడు ఆగిపోవడం విని చెప్పి ఉంటాడు. చాలామంది అక్కడ కూర్చుని అదే వెతుకుతారేమో.

గ్రూపులో నా పేరు లేదు. పేరు పెట్టాల్సిన చోట సిగ్గుపడి ఒక చుక్క పెట్టాను, ఫొటో ఖాళీ. కింద వందలకొద్దీ మాటలున్నాయి. చుక్కక్క ఎవరు. చుక్కక్క ఇయ్యాల పెట్టలే. చుక్కక్కకు ఫోన్ చేస్తె స్విచ్ ఆఫ్. ఆ పైన నాకు అర్థం కాని ఒక లెక్క: ఏడోదానితో రెండు రౌండ్లు, తొమ్మిదోదానితో చివరి రౌండు.

హాస్టలు మెట్ల మీద మానసక్కను పట్టుకుని అడిగాను, ముందే తెలుసా అని.

"మొదటి రోజె తెలుసు. నీ దగ్గు నాకు తెల్వదా?"

ఎవరికన్నా చెప్పినవా అన్నాను. చెప్పలేదంది. నన్ను మాట్లాడనీయకపోవడం అందుకేనట. గొంతు ఒక్కటే వాళ్లకు తెలుసు, ముఖం తెలియదు.

"గాని సిరీ, మనూరోళ్లు ఇంకిద్దరున్నరు అండ్ల. ఇయ్యాల గాకపోతె రేపు మీ నాయిన ఇంటడు. ఎవరి నోట ఇనాల్నో నువ్వే సూస్కో."

పార్కు

మూడో రోజు తెల్లవారుజామున ఆమెతో పాటు ఇందిరాపార్కుకు వెళ్లాను. నేనే చూపించమన్నాను. లోపల ముసలివాళ్లు చప్పట్లు కొడుతూ నవ్వుతున్నారు, అది వ్యాయామమట. మా ఊళ్లో అలా నవ్వితే పక్కింటివాళ్లు వచ్చి ఏమైందని అడుగుతారు. గేటు దగ్గర రాగిజావ ఇరవై రూపాయలు.

నడక దారి మొదట్లో పదిహేను మంది దాకా అమ్మాయిలు వరుసగా నిలబడ్డారు. ఒకరు చేతికి కట్టుకున్నారు ఫోన్, ఒకరు దుపట్టాలో ముడేసుకున్నారు, ఇద్దరు చేత్తోనే పట్టుకున్నారు. ఒకామె మూడు లెక్కపెట్టింది. ఫోన్లున్నవాళ్లు ఒకేసారి నొక్కారు.

నా ఊపిరి ఆరేడు చోట్ల నుంచి వచ్చింది. ఒకదానికి ఒకటి అరక్షణం ముందూ వెనకా. వాళ్ల కాళ్లు నా కాళ్ల చప్పుడుతో కలిసి పడుతున్నాయి. మొదటి రౌండు దాటి మా ముందునుంచి పోయారు. రెండో రౌండులో మలుపు దగ్గర అందరూ ఒక్కసారి నెమ్మదించారు, కొంచెం పక్కకు ఒరిగారు. అక్కడ ఏమీ లేదు. శుభ్రంగా ఊడ్చిన దారి. "ఏయ్, పో" అన్నాను నేను, ఫోన్లలోంచి. అప్పుడు అర్థమైంది. మా గ్రౌండులో వాచ్‌మన్ కుక్క అడ్డంగా పడుకునే చోటది. అంత దూరంలో ఉన్న కుక్కను తప్పించుకుని ఈ పిల్లలు మళ్లీ వేగం అందుకున్నారు.

చివరి రౌండుకు తొమ్మిదోది పెట్టారు. గేటు దగ్గర ఎలా నిలబడ్డానో, నంబరు గుడ్డ చెమటకు ఎలా నానిందో, పోలీసాయన లోపలికి రమ్మని ఎలా పిలిచాడో చెబుతున్నాను. "తిరిగొచ్చిన. నాయినకు ఎట్ల చెప్పాలె" అన్నాక అందులో నా అడుగుల చప్పుడు ఆగిపోతుంది. ఆ రోజు గ్రౌండు మధ్యలో నిలబడిపోయాను, నాకు గుర్తుంది. ఆపైన ఊపిరి మాత్రమే.

వాళ్లు ఆగలేదు. అక్కడినుంచి ఒక్కసారిగా వేగం పెంచారు. నేను నిలబడిన చోట నన్ను దాటి, జడలు ఎగురుతుంటే, దారి చివర దాకా పోయారు.

"అది వాళ్ల రూలు. ఆమె ఆగినకాడ మనం ఆగొద్దని" అంది మానసక్క.

ఒకమ్మాయి రొప్పుతూ మా దగ్గరికి వచ్చింది. పక్క మంచం పరదా అమ్మాయి. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది, అందులో నా ఊపిరి నడుస్తోంది. "మానసక్కా, చుక్కక్క పెట్టక పన్నెండు రోజులాయె. సచ్చిపోయిందేమో అంటున్నరు అందరు" అంది. నా వైపు చూసి, ఈమె ఎవరని అడిగింది. మా ఊరామె, ఎక్కువ మాట్లాడదు అంది మానసక్క.

"సచ్చిపోలె" అన్నాను.

ఆ పిల్ల చేయి దానంతట అది ఫోన్ మీదికి పోయి ఆపేసింది. నా కాళ్ల నుంచి ముఖం దాకా చూసింది. మిగతావాళ్లను పిలుస్తుందనుకున్నాను. పిలవలేదు.

"మరి మీ నాయినకు చెప్పినవా?" అంది.

"లేదు."

ఆమె తల ఊపింది, కోపం కాదు, జాలి కాదు. నీళ్లు తాగి, వరుసలోకి వెళ్లి నిలబడింది. వాళ్లు ఇంకోసారి లెక్కపెట్టడం వినబడింది. నేను గేటు దాటేసరికి లోపల మళ్లీ పరుగెత్తుతున్నాను.

ఇల్లు

మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాను. ఫోన్ చేతికొచ్చాక డబ్బా ఖాళీ అయింది. దాని నిండా మానసక్క మా అమ్మ కోసం పుల్లారెడ్డి అంగట్లో కొన్న పూతరేకులు పెట్టింది, ఎండకు మెత్తబడ్డాయని అమ్మ అంది.

నాన్న దుకాణంలో ఒక్కడే ఉన్నప్పుడు చెప్పాలని రెండు రోజులు చూశాను. నోటితో రాలేదు. మూడో రోజు తొమ్మిదోది పెట్టి ఫోన్ ఆయన చేతికిచ్చాను. ఆయన మిషను ఆపి చెవి దగ్గర పెట్టుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. నాకు మాటలు వినబడటం లేదు, కానీ ఎంతవరకు వచ్చిందో తెలుస్తూనే ఉంది. కుక్క దగ్గర ఆయన కనుబొమలు కదిలాయి. తర్వాత గేటు. తర్వాత నేను ఆగిపోయిన చోటు. అక్కడ అయిపోయిందనుకుని ఆయన ఫోన్ తీసేయలేదు. ఊపిరి అయిపోయేదాకా అలాగే పట్టుకున్నాడు.

ఫోన్ బల్ల మీద పెట్టి, సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు. రెండుసార్లు తప్పింది.

"ఎవరన్న అడిగితె ఏం చెప్పాలె మరి" అన్నాడు.

నేను కింద పడ్డ గుడ్డముక్కలు ఏరుతుండగా ఆయన మిషను మళ్లీ మొదలుపెట్టాడు.

నిన్న లెక్కల సారు తన కొడుకు పెళ్లికి సఫారీ కుట్టించుకోవడానికి వచ్చాడు. నేను కొలతల పుస్తకం పట్టుకుని రాస్తున్నాను. నాన్న ఆయన వీపు మీద టేపు పరిచాడు. సారు అలవాటుగా అడిగాడు, ఈసారి పాప గట్టిగ ఉరుకుతున్నదా, పోయినసారి మూడు సెకన్లే కదా పోయింది అని.

నాన్న టేపును భుజం నుంచి మణికట్టు దాకా లాగాడు.

"ఉరకనేలేదు సార్. గేటు కాడి నుంచి వాపసొచ్చింది" అన్నాడు. "చెయ్యి జర లేపుండ్రి."

సారు చెయ్యి లేపాడు. నాన్న అంకె చెప్పాడు. నేను రాసుకున్నాను.